టెన్త్ పిల్లల ఫేర్‌వెల్ డాన్స్: పిల్లలూ పెద్దలూ కలిసి నడిపించినవాళ్లు ఎవరైనా ఉన్నారా? (బెంగళూరు)

వైట్‌ఫీల్డ్ అమ్మ · శుక్రవారం రాత్రి

మా అమ్మాయి తొమ్మిదో తరగతి. వాళ్ల స్కూల్లో ఏటా తొమ్మిదోవాళ్లు పదోవాళ్లకి వీడ్కోలు ఇస్తారు. ఇన్నేళ్లూ నాలుగు ఉపన్యాసాలు, సమోసా, గ్రూప్ ఫోటో, ఇంటికి. ఈసారి పిల్లలు సాయంత్రం పూట డాన్స్ పెట్టుకుంటామని ప్రిన్సిపాల్ మేడమ్‌కి ఉత్తరం రాశారు. ఆవిడ వద్దనలేదు, సరేనూ అనలేదు. "పేరెంట్స్, స్టూడెంట్స్ కలిసి ఒక కమిటీ వేసుకుని ప్లాన్ తెచ్చి చూపించండి" అన్నారు.

అంతే, పేరెంట్స్ వాట్సాప్ గ్రూపు రణరంగమైపోయింది. ఒకాయన హాలు మధ్యలో తాడు కట్టి అటు అబ్బాయిలు, ఇటు అమ్మాయిలు అన్నారు. ఒకావిడ డీజే వద్దు, అంత్యాక్షరి ఆడించండి అన్నారు. ఇంకొకరు నేరుగా స్టార్ హోటల్ కొటేషన్ పెట్టారు. పిల్లల్ని మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు. ఇలాంటిది చేసిన అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి. తేదీ, సౌండ్, డబ్బు, పాటలు, అన్నీ అయోమయంగానే ఉన్నాయి. సుమారు 180 మంది పిల్లలు.

గుంటూరు మిర్చి · శుక్రవారం రాత్రి

తాడు అన్నాయన నేను కాదు గానీ ఆయన బాధ నాకు అర్థమైంది. బోర్డు పరీక్షల ముందు ఈ గంతులెందుకండీ? మా రోజుల్లో హాల్ టికెట్ చేతికివ్వడమే ఫేర్‌వెల్.

కోలారు బిడ్డ · శనివారం ఉదయం

మిర్చి సార్, మీ రోజుల్లో ట్యూషన్ కూడా ఒకటే ఉండింది. ఇప్పటి పిల్లలు పొద్దున ఆరుకు లేసి రాత్రి దాకా కోచింగే కదా. ఒక సాయంత్రం ఎగిరితే ఏం కొంప మునగదు. అక్కా, ఒకటే మాట చెప్తా. కన్నడ పాటలు సరిగ్గా పెట్టించండి. ఊరికే లెక్కకు ఒకటి పెట్టి అయిపోయిందనిపిస్తే పిల్లలకే బేజారవుతుంది. సగం క్లాసు ఇక్కడోళ్లే. పోయినేడు మా అపార్ట్‌మెంట్‌లో ఇదే విషయంగా పెద్ద గలాట.

పాత బెంచి · శనివారం ఉదయం

నేను హైస్కూల్ టీచర్ని, ఈ ఊళ్లోనే. తేదీతో మొదలుపెట్టండి, మిగతావన్నీ దాని వెనకే వస్తాయి. 2024లోనూ 2025లోనూ సీబీఎస్ఈ పరీక్షలు ఫిబ్రవరి 15నే మొదలయ్యాయి. ప్రీ బోర్డులు, అంటే బోర్డు పరీక్షల ముందు స్కూల్లో పెట్టే నమూనా పరీక్షలు, డిసెంబరు, జనవరి నెలల్లో ఉంటాయి. సంక్రాంతికి తెలుగువాళ్లు సగం మంది ఊళ్లకి పోతారు. జనవరి 26 ప్రాక్టీసు మొదలైతే గ్రౌండూ దొరకదు, పీఈటీ సార్లూ దొరకరు. ఇక మిగిలేది డిసెంబరు మొదటి సగంలో ఒక శనివారం, లేదంటే సంక్రాంతి దాటిన వెంటనే వచ్చే శనివారం. నేనైతే డిసెంబరే అంటాను. తేదీ ఎంత వెనక్కి జరిగితే మిర్చి గారిలాంటి తల్లిదండ్రులు అంత ఎక్కువవుతారు.

బయట గ్రౌండులో మాత్రం వద్దు. నవంబరు, డిసెంబరుల్లో బంగాళాఖాతంలో వాయుగుండం పడిందంటే ఇక్కడా ముసురు పడుతుంది. స్కూలు హాలే మేలు.

ఇక అసలు సంగతి. ఇలాంటి కమిటీలు ఎక్కడ చెడతాయో చెప్తాను. పిల్లలు రెండు వారాలు కూర్చుని అన్నీ తేలుస్తారు. ఆఖర్న ఒక పెద్దాయన వచ్చి "ఇది కుదరదు" అంటాడు. అక్కడితో పిల్లలు చేతులెత్తేస్తారు. తర్వాత అన్నీ పెద్దలే చేసుకుని, పిల్లలకి బాధ్యత లేదని తిట్టుకుంటారు. అందుకని కుదరనివేమిటో మొదటి మీటింగులోనే పెద్దలు చెప్పేయాలి. ఒక కాగితం మీద రాసి, సంతకం పెట్టి ఇవ్వాలి. ఎన్నింటికి ముగియాలి, మొత్తం ఖర్చు ఎంత దాటకూడదు, గేటు దగ్గర ఎవరు, లోపలికి ఎవరు రాకూడదు. నాకైతే ఈ నాలుగు చాలు. ఆ కాగితంలో లేనిదేదైనా పిల్లల ఇష్టమే. తర్వాత గుర్తొచ్చిన అభ్యంతరాలు వచ్చే ఏడాదికి.

గుంటూరు మిర్చి · శనివారం మధ్యాహ్నం

బాగానే ఉంది మాస్టారూ. మరి పాటలు? ఆ కాగితంలో పాటల ఊసే లేదు. రెండర్థాల పాటలకి మా అమ్మాయి స్టెప్పులేస్తుంటే మీరు చూస్తారా?

లా పాయింట్ · శనివారం మధ్యాహ్నం

చట్టం సంగతి ఒకసారి చూద్దాం. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం లౌడ్‌స్పీకర్‌కి రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా వాడకూడదు. మూసి ఉన్న ఆడిటోరియం లాంటి వాటికి మినహాయింపు ఉంది గానీ పిల్లల కార్యక్రమానికి ఆ మినహాయింపు జోలికి పోకండి. ఎనిమిదికల్లా ముగించండి. నివాస ప్రాంతంలో పగటి పరిమితి 55 డెసిబెల్స్. స్కూళ్లు, ఆసుపత్రుల చుట్టూ 100 మీటర్ల మేర నిశ్శబ్ద మండలంగా ప్రకటించే వీలుంది, అక్కడైతే 50. మీ స్కూలు ప్రహరీ పక్కనే అపార్ట్‌మెంట్లుంటే వాళ్ల అసోసియేషన్‌కి ముందే ఒక లెటర్ ఇవ్వండి. పోలీసులకి ఫోన్ చేసేది ఎప్పుడూ ఆ మూడో అంతస్తు అంకులే.

పాటల లైసెన్సు గురించి చాలామందికి అనుమానం ఉంటుంది. కాపీరైట్ చట్టం 52వ సెక్షన్‌లో విద్యాసంస్థలకి ఒక మినహాయింపు ఉంది. సంస్థ కార్యక్రమాల్లో భాగంగా, విద్యార్థులు, సిబ్బంది, తల్లిదండ్రులు, ఆ కార్యక్రమాలతో సంబంధం ఉన్నవాళ్లు మాత్రమే ఉన్నచోట రికార్డు పాట వేస్తే అది ఉల్లంఘన కాదు. అందుకే చెప్తున్నా, స్టార్ హోటల్లో బయటివాళ్లకి టికెట్లు అమ్మే ఆలోచన ఎవరికైనా ఉంటే మానుకోండి. స్కూలు పేరు మీద, స్కూలు లోపల, స్కూలువాళ్లకే అయితే మీ మాట గట్టిగా నిలుస్తుంది.

కంటోన్మెంట్ పాతకాపు · శనివారం సాయంత్రం

ఇదేదో కొత్త వింత అన్నట్టు మాట్లాడుకుంటున్నారు, నవ్వొస్తోంది. ఈ ఊళ్లో కంటోన్మెంట్ వైపు స్కూళ్లలో "సోషల్" అనే డాన్స్ సాయంత్రం ఎప్పటి నుంచో ఉన్నదే. అబ్బాయిల స్కూలు పిలుస్తుంది, అమ్మాయిల స్కూలు వస్తుంది. ఆంగ్లో ఇండియన్ కుటుంబాల్లో క్రిస్మస్ డాన్సులకి తాత, మనవడు ఒకే నేల మీద ఆడేవాళ్లు. మా నాన్నగారు అనంతపురం నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన మనిషి. నన్ను మొదటిసారి సోషల్‌కి పంపడానికి ఆయన పెట్టిన షరతు ఒక్కటే, తిరిగి రావడం మేనమామతో రావాలి.

ఆ సోషల్స్ చూసినవాడిగా రెండు మాటలు. మొదటి అరగంట ఎవరూ ఆడరు. గోడలకి అంటుకుపోతారు. అబ్బాయిలు జ్యూస్ టేబుల్ దగ్గర, అమ్మాయిలు తలుపు దగ్గర. తాడు అక్కర్లేదు మిర్చి గారూ, ఆ తాడు పిల్లలే కట్టుకుంటారు! ఆ అరగంట దాటించడమే నిర్వాహకుల పనితనం. రెండోది, లైట్లు పూర్తిగా ఆర్పకండి. రంగు లైట్లు ఎన్నైనా పెట్టుకోండి గానీ మూలల్లో మామూలు బల్బులు వెలుగుతూనే ఉండాలి. అదొక్కటి చూసుకుంటే పెద్దవాళ్లు టార్చిలైటు పట్టుకుని తిరగాల్సిన పని ఉండదు.

కరీంనగర్ కాకా · శనివారం రాత్రి

గా అరగంటకు మందు నా దగ్గరున్నది. తీన్మార్! రెండు డప్పులు పట్టుకొచ్చి గేటు కాడ్నించే కొట్టుకుంట హాల్లకు తోలుకపోండ్రి. గోడకు నిలబడేటోడెవడో చూస్త. తీన్మార్‌ల జంటలు లేవు, స్టెప్పు రాదన్న సిగ్గు లేదు, పోరలు పోరీలు సార్లు మేడమ్‌లు అందరొక్కటే. డప్పు కొట్టనీకి బయటోళ్లెందుకు, స్కూల్ బ్యాండ్ పిల్లలుంటరు గద, జెర నేర్పిస్తే వాళ్లే కొడ్తరు.

కోలారు బిడ్డ · శనివారం రాత్రి

కాకా, ఇక్కడ డప్పును తమటె అంటారు. కన్నడ పిల్లలకు కూడా అది వింటే కాళ్లు ఆగవు. సూపర్ ఐడియా.

వైట్‌ఫీల్డ్ అమ్మ · ఆదివారం ఉదయం

ఇక్కడ రాసినవన్నీ మా అమ్మాయికి చదివి వినిపించాను. "నేనొకటి రాయొచ్చా" అంది. ఈ కింది పోస్టు తనదే, నా ఐడీ నుంచి. నేను ఒక్క అక్షరం కూడా దిద్దలేదు.

నమస్తే అంకుల్స్, ఆంటీస్. మేము నలుగురం కలిసి రెండు క్లాసుల్లోనూ చీటీలు పంచాం, పేరు రాయక్కర్లేదని చెప్పాం. ఏం కావాలి, ఏం వద్దు, ఏం భయం అని మూడే ప్రశ్నలు. మీరందరూ భయపడుతున్న జంటల డాన్స్ కావాలని రాసినవాళ్లు చాలా తక్కువ. వద్దని రాసినవాళ్లే ఎక్కువ. ఓటీటీలో అమెరికా ప్రామ్ (అక్కడి స్కూళ్ల డాన్స్ పార్టీ) చూసి మేమూ అదే అడుగుతున్నామని మీరు అనుకుంటున్నారు. అక్కడిలాగా ఎవరో ఒకరు పిలిస్తేనే రావాలంటే మాలో సగం మంది ఇంట్లోనే ఉండిపోతారు. అందుకే మేము రాసుకున్న మొదటి రూల్, ఎవరూ ఎవరినీ జంటగా పిలవకూడదు. క్లాసు మొత్తం కలిసే వస్తుంది.

భయం అన్న చోట ఎక్కువమంది రాసింది వీడియోల గురించి. పిల్లలు తీసేవి కాదు, పెద్దవాళ్లు తీసేవి. డాన్స్ సరిగ్గా రానివాళ్లది ఎవరో ఆంటీ తీసి ఫ్యామిలీ గ్రూపులో పెడతారు, మర్నాడు మావయ్య ఫోన్ చేసి నవ్వుతారు. అందుకని లోపల పెద్దవాళ్ల ఫోన్లు కూడా బ్యాగులో ఉండాలి. ఒక్క ఫోటోగ్రాఫర్ చాలు. ఫోటోలు స్కూలు దగ్గరే ఉంటాయి, వద్దన్నవాళ్లవి తీసేస్తారు.

ఇంకో భయం బట్టలు. అక్కావాళ్ల ఫేర్‌వెల్‌కి చీర, అన్నయ్యలకి కోటు. కొందరు కొన్నారు, కొందరు అద్దెకి తెచ్చారు. రెండూ కుదరని ఇద్దరు జ్వరమని చెప్పి రాలేదు, అది మాకందరికీ తెలుసు. మేము తెల్ల చొక్కా లేదా తెల్ల కుర్తా అనుకుంటున్నాం, పాతదైనా సరే. చివర్లో ఎలాగూ ఒకరి చొక్కా మీద ఒకరు పెన్నులతో రాసుకుంటాం కదా.

మిర్చి అంకుల్, పాటల గురించి మీరు అడిగింది కరెక్టే. కొన్ని పాటలు మాకూ ఇబ్బందే.

గుంటూరు మిర్చి · ఆదివారం ఉదయం

ఒరే... ఈ పిల్ల నా నోరు మూయించింది. ఫోన్ బ్యాగులో పెడతానమ్మా. పాటల సంగతి మాత్రం తేల్చాల్సిందే.

పాత బెంచి · ఆదివారం మధ్యాహ్నం

చీటీలు పంచిన ఆ నలుగురినీ ముందు కమిటీలోకి తీసుకోండి. పాటలకి మా దగ్గర నడిచే పద్ధతి చెప్తాను. పిల్లలు జాబితా ఇస్తారు. ఇద్దరు పిల్లలు, ఒక టీచరు కూర్చుని మాటలు చదువుతారు. వినడం కాదు, చదవాలి. ట్యూను జోరులో దాటిపోయేవి కాగితం మీద దొరుకుతాయి. ఏదైనా తీసేస్తే కారణం చెప్పి తీరాలి. దాని బదులు పాటని మళ్లీ పిల్లలే ఇవ్వాలి, టీచరు తనకిష్టమైన పాట అందులో దూర్చకూడదు. జాబితా ఒకసారి ఖాయమయ్యాక డీజే అందులోంచే వేయాలి. ఆ రాత్రి స్టేజి దగ్గరికెళ్లి "అన్నా ఇదొక్కటి" అని ఎవరడిగినా కుదరదు, ప్రిన్సిపాల్ అడిగినా సరే.

సౌండ్‌బాక్స్ అన్న · ఆదివారం రాత్రి

అక్కా, నాది మారతహళ్లిలో సౌండు, లైటింగు. మాది కదిరి. స్కూలు ఫంక్షన్లు చానా చేసినా, నా వ్యాపారం కోసం చెప్తాండానని అనుకోవద్దు.

మొదటిది, మైకు డీజే చేతికి ఇయ్యొద్దండి. పెండ్లిండ్లలో, పబ్బుల్లో అరిచి అరిచి వాళ్లకు నోరు అట్ల అలవాటైపోయింటాది. పిల్లోళ్ల ముందర ఏం మాట్లాడతారో వాళ్లకే తెల్దు. యాంకరింగు పిల్లోళ్లే చేసుకోవల్ల. డీజే అంటే పాట మార్చేటోడు, అంతే.

రెండోది సౌండు. 180 మందికి, స్కూలు హాలుకు, రెండు టాపులు (మాట, పాట వినిపించే స్పీకర్లు), రెండు సబ్‌వూఫర్లు (గుబగుబమనే బేస్ బాక్సులు) సరిపోతాయి. నాలుగు సబ్‌వూఫర్లు పెడ్తామని ఎవడన్నా చెప్తే, వాడు బాడుగ చూసుకుంటాండాడు. 2022లో డబ్ల్యూహెచ్ఓ వాళ్లు ఇట్లాంటి చోట్లకు ఒక లెక్క చెప్పినారు, పదైదు నిమిషాల సగటు మీద 100 డెసిబెల్స్ దాటకూడదని. అది పెద్దోళ్లు పోయే క్లబ్బులకు. పిల్లోళ్లకు నేనైతే 90 కాడికే ఆపుతా. సబ్‌వూఫర్లను గోడ మూలకు తోసినారంటే గుబగుబ ఎక్కువై పక్క బిల్డింగు కిటికీలు అదురుతాయి. గోడకు దూరంగా, ప్రహరీ వైపు ఈపు పెట్టి ఉంచవల్ల. లా పాయింట్ సారు చెప్పిన అంకులు గూడా నిద్రపోతాడు.

లైట్లలో స్ట్రోబ్ అని టపటపా కొట్టేది ఒకటుంటాది. అది ఏగంగా కొడితే మూర్ఛ ఉండే పిల్లోళ్లకు ఫిట్స్ రావొచ్చు. సెకనుకు నాలుగు సార్లకు మించి కొట్టకూడదంటారు. నేను స్కూళ్లకు అది తీసుకునే పోను. పొగ మిషను పెడితే హాల్లో ఫైర్ అలారం ఉందా అని ముందే చూసుకోండి, మోగిందంటే అందరూ ఒకటే పరుగు. స్టేజి మీద నిప్పురవ్వలు చిమ్మేదాన్ని కోల్డ్ పైరో అంటారు, పేరుకే కోల్డు. థర్మాకోలు, గుడ్డ డెకరేషన్ ఉండే చోట అది వద్దే వద్దు. గ్యాసు బెలూన్లు గూడా అంతే. హీలియం అని చెప్పి చవకని హైడ్రోజన్ నింపి ఇస్తారు, నిప్పు తగిలితే భగ్గుమంటాది. నోటితో ఊదిన బెలూన్లు కట్టుకోండి, పిల్లోళ్లకు గూడా పని ఉంటాది.

కరీంనగర్ కాకా · ఆదివారం రాత్రి

అన్న పోస్టు ప్రింట్ తీసి స్కూల్ నోటీస్ బోర్డుకు అంటియ్యాలె.

వైట్‌ఫీల్డ్ అమ్మ · సోమవారం రాత్రి

డబ్బు సంగతికొద్దాం. తలకి 450 అనుకుంటే 180 మందికి 81,000. భోజనం ప్లేటు 220 చొప్పున, పిల్లలూ పెద్దలూ కలిపి 200 ప్లేట్లు, 44,000. సౌండు, లైట్లు 18,000. అలంకరణ 8,000, చిక్‌పేట వెళ్లి హోల్‌సేల్‌లో తెస్తే ఇంకా తగ్గొచ్చు. ఫోటోగ్రాఫర్ 6,000. చేతిలో 5,000 మిగులుతుంది. 450 ఇవ్వలేని పిల్లల సంగతి ఏం చేద్దాం? ఒకరు "వాళ్ల పేర్లు ఇవ్వండి, నేను కడతాను" అన్నారు. మనసు మంచిదే, కానీ పేర్లు బయటికి రావడం నాకు నచ్చలేదు.

పాత బెంచి · సోమవారం రాత్రి

పేర్లు ఎవరికీ తెలియనక్కర్లేదు. మూసిన కవరు పద్ధతి పెట్టండి. ప్రతి పిల్లా ఒక కవరు తెచ్చి ఆఫీసు డబ్బాలో వేస్తుంది. అందులో 450 ఉండొచ్చు, వెయ్యి ఉండొచ్చు, ఖాళీగానూ ఉండొచ్చు. కవరు వేసిన ప్రతివాళ్లకీ ఒకే రకం పాసు. తగ్గితే ఆ 5,000 ఉంది, ఇంకా తగ్గితే ఫోటోగ్రాఫర్‌ని తగ్గించండి, అన్నం తగ్గించకండి. లెక్కల పుస్తకం పిల్లల దగ్గరే ఉంచండి, నగదు మాత్రం స్కూలు ఆఫీసులో.

లా పాయింట్ · సోమవారం రాత్రి

గేటు విషయం. పాసు, ఐడీ చూసి లోపలికి పంపండి. ఒకసారి బయటికి వెళ్తే మళ్లీ లోపలికి లేదు. సౌండు, క్యాటరింగ్ మనుషుల పేర్లు ముందే తీసుకుని బ్యాడ్జీ ఇవ్వండి, బాత్‌రూముల వైపు వాళ్లకి దారి ఉండకూడదు. పదిహేను మంది పిల్లలకి ఒక పెద్దమనిషి చొప్పున పన్నెండు మంది. అందులో సగం ఆడవాళ్లు. వాళ్లకి డ్యూటీ చోటు రాసివ్వండి, లేకపోతే పన్నెండు మందీ పకోడీల దగ్గరే దొరుకుతారు. ఎవరైనా పిల్లకి ఇబ్బంది ఎదురైతే ఎవరికి చెప్పాలో ఒక టీచరు పేరు పాసు వెనక రాయండి, కింద చైల్డ్ హెల్ప్‌లైన్ నంబర్ 1098.

గుంటూరు మిర్చి · మంగళవారం ఉదయం

నేను గేటు డ్యూటీ చేస్తా. ఇంటికి తీసుకెళ్లేది ఎలాగో ఎవరూ మాట్లాడరేం? శనివారం సాయంత్రం వైట్‌ఫీల్డ్ రోడ్డు మీద 180 కార్లంటే పిల్లలు మర్నాడు ఇల్లు చేరతారు.

కోలారు బిడ్డ · మంగళవారం ఉదయం

సార్ ఇప్పుడు లైన్‌లోకి వచ్చినారు! స్కూల్ బస్సులే మామూలు రూట్లలో ఎనిమిదింపావుకు వదలాలి. కారులో వచ్చే పేరెంట్స్ ఒక రోడ్డు అవతల నిలపాలి. ఎక్కువ దూరం నుంచి వచ్చే అమ్మానాన్నలకు 2023 అక్టోబరు నుంచి పర్పుల్ లైన్ చల్లఘట్ట దాకా పూర్తిగా నడుస్తోంది కదా, మెట్రోలో వచ్చి తీసుకుపోవచ్చు. తోడు లేకుండా పిల్లను మెట్రో ఎక్కించేది మాత్రం వద్దు.

కంటోన్మెంట్ పాతకాపు · మంగళవారం మధ్యాహ్నం

భోజనం ముందే పెట్టేయండి, అయిదున్నరకి. చివర్లో పెడితే బస్సు టైముకి సగం మంది ప్లేటు పట్టుకుని పరిగెడతారు. నీళ్లు హాలు లోపలే రెండు చోట్ల. వేరుశనగ, జీడిపప్పు పడని పిల్లలెవరో స్కూలు రికార్డులోంచి తీసి క్యాటరర్‌కి ఇవ్వండి, మనవాళ్లు చట్నీలో పల్లీ వేయకుండా ఉండలేరు.

వైట్‌ఫీల్డ్ అమ్మ · శనివారం రాత్రి

మీటింగ్ అయింది. ఆరుగురు పిల్లలు, ముగ్గురు పేరెంట్స్, ఇద్దరు టీచర్లు. ఓట్లు సమానమే, మనిషికి ఒకటి. పాత బెంచి గారి కాగితం మొదటి పది నిమిషాల్లోనే సంతకాలయ్యాయి. నాలుగున్నర నుంచి ఎనిమిది, డిసెంబరు రెండో శనివారం. తెల్ల బట్టలు, మూసిన కవరు, పెద్దల ఫోన్లు బ్యాగులో, తీన్మార్‌తో ఎంట్రీ. ప్రిన్సిపాల్ మేడమ్ చదివి ఒక్కటే అడిగారు, "నన్ను కూడా తీన్మార్‌కి పిలుస్తారా?"

తాడు అన్నాయన రాజీ పడలేదు. వాళ్ల అబ్బాయిని పంపనన్నారు. పిల్లలు ఆయన్ని కూడా పెద్దల డ్యూటీకి పిలిచారు, జ్యూస్ టేబుల్ దగ్గర. ఆలోచిస్తానన్నారు.

ఆఖరి పాట దగ్గర మాత్రం తెగలేదు. కన్నడమా, తెలుగా, తమిళమా, హిందీనా అని గంటసేపు. చివరికి ఒక మలయాళీ పిల్లవాడు "ఆఖర్న పాటే వద్దు, డప్పే కొడదాం" అన్నాడు. ఎనిమిది మంది చేయెత్తారు, ముగ్గురు ఎత్తలేదు. ఆ ముగ్గురిలో నేనూ ఉన్నాను, ఏమనుకోకండి.

సౌండ్‌బాక్స్ అన్న, మిమ్మల్నే పిలవాలని పిల్లల తీర్మానం. బాడుగ ఎంతో చెప్పండి.

సౌండ్‌బాక్స్ అన్న · శనివారం రాత్రి

బాడుగ తర్వాత మాట్లాడుకుందామక్కా. ముందు హాల్లో ప్లగ్గులు ఫోటో తీసి పెట్టమనండి. 15 యాంపుల ప్లగ్గు ఎన్ని ఉండాయి, యాడ ఉండాయి?

వైట్‌ఫీల్డ్ అమ్మ · శనివారం రాత్రి

(అమ్మాయి) అన్నా, పెద్ద ప్లగ్గు రెండే ఉన్నాయి. ఒకటి స్టేజి వెనక, ఇంకోటి క్యాంటీన్ కిటికీ పక్కన, దానికి కాఫీ మిషన్ పెడతారు.

సౌండ్‌బాక్స్ అన్న · శనివారం రాత్రి

కాఫీ మిషనుతో కలిపి సౌండు పెడితే ఫ్యూజు పోతాది పాపా. స్టేజి వెనకది నాకు రాసిపెట్టు. ఆ రోజు దానికి ఇంకెవరూ ఏమీ తగిలించకుండా పైన చీటీ అంటించు. లైట్లకు వైరు, చిన్న జనరేటరు నేనే తెస్తా. అది పెట్టేదానికి బయట యాడ చోటుందో రేపు పీఈటీ సారును అడిగి చెప్పు.